నూటికి పది

జీవాయుధాల ముప్పు గురించి నా అభిప్రాయం కావాలని మెయిల్ వచ్చినప్పుడు నేను ఒక ఎనుము గర్భంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాను. దూడ అడ్డం తిరిగింది. ఎనుము యజమాని దాని తల పట్టుకున్నాడు. మా ఆస్పత్రి అటెండరు నా ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకుని, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయినందువల్ల ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చదివాడు. చదివి చదివి, చివరికి "మేడం, మీరు నిపుణులంట" అన్నాడు. అదే సమయానికి ఎనుము కాలు విదిల్చింది. దూడ బతికింది కానీ నా చెయ్యి రెండు రోజులు పైకి లేవలేదు.

నిజానికి ఆ పిలుపు నాది కాదు. మొదట పై అధికారి ఒకాయనకు వచ్చింది. ఆయన ఇంట్లో నిశ్చితార్థం. తర్వాతి ఆయనకు మోకాలి నొప్పి. అలా ఒక్కో మెట్టూ దిగుతూ, పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఒక పల్లె ఆస్పత్రిలో గొర్రెలకు సూదులు వేసుకునే నా దగ్గరకొచ్చి ఆగింది. నా కింద ఇక మిగిలింది అటెండరొక్కడే. అతను కూడా వెళ్ళడానికి సిద్ధంగానే ఉన్నట్టు కనిపించాడు.

ఇంట్లో చెబితే మా అత్త నవ్వింది. మా ఆయన హిందూపురం పారిశ్రామికవాడలో పని చేస్తూ వారానికోసారి వస్తాడు కాబట్టి, మామూలు రోజుల్లో ఆ ఇంట్లో ఇద్దరమే. పెత్తనం ఆమెది. జీవాయుధం అంటే రోగాన్ని పట్టుకుని, పెంచి, శత్రువు మీదికి వదలడమని నాకు తెలిసినంత వివరంగా చెప్పాను. రోగాలు ఎవరూ పిలవకుండానే వస్తున్నాయి కదా, దానికి మళ్ళీ మనుషులు శ్రమపడటం ఎందుకని ఆమె అడిగింది. ఈ ప్రశ్ననే నాలుగు రోజుల తర్వాత ఒక పెద్ద శాస్త్రవేత్త ఇంగ్లీషులో వేస్తే అందరూ తలలూపుతూ రాసుకున్నారు.

సమావేశం బెంగళూరులో. ఏసీ ఎంత గట్టిగా ఉందంటే, జూన్ నెలలో చీర కొంగు చెవుల చుట్టూ చుట్టుకుని కూర్చున్నాను. మొత్తం పన్నెండు మందిమి. గోడ మీద తెర, తెర మీద జాగ్రత్త పడవలసిన రోగాల పట్టిక. మొదటి వరుసలోనే ఆంత్రాక్స్ అని ఉంది. అంటే మా దొమ్మ రోగం. గొర్రె పొద్దున మేసి మధ్యాహ్నానికి ముక్కున నెత్తురు కారి చచ్చే రోగం, మా వైపు కాపరులకు కొత్త కాదు. మన వీధి పిల్లోడి ఫోటో పేపర్లో చూసినట్టు ముందు సంతోషం వేసింది, ఏ వార్త కింద వేశారో చూశాక పోయింది.

నిపుణులంటే వాళ్ళ దగ్గర రహస్య కాగితాలూ లెక్కలు కట్టే యంత్రాలూ ఉంటాయని అనుకున్నాను. అవీ ఉంటాయేమో నాకు తెలీదు. నేను చూసిన పద్ధతి మాత్రం చాలా మామూలుది. ఒక ఊహా సంఘటన రాసిన కాగితం మా చేతికిచ్చారు. ఎక్కడో ఒక జిల్లాలో ఉన్నట్టుండి పశువులు చచ్చిపోయాయి. రోగం తనంతట తాను వచ్చిందా, ఎవరైనా కావాలని తెచ్చారా? కావాలని తెచ్చిన అవకాశం నూటికి ఎంతో పక్కవాళ్ళకు కనపడకుండా ఒక అంకె రాయాలి. తర్వాత అందరి అంకెలూ బోర్డు మీద పెట్టి, ఎవరు ఎందుకు రాశారో మాట్లాడుకోవాలి. టీ తాగి మళ్ళీ రాయాలి. నియమాలు రెండే: సున్నా రాయకూడదు, వంద రాయకూడదు. తెలివైనవాడు ఏ సంగతి మీదా తలుపులు పూర్తిగా మూయడని మాకు చెప్పారు.

నేను పది రాశాను. ఎందుకు పది అంటే ఇప్పటికీ నా దగ్గర గొప్ప సమాధానం లేదు. అయిదు రాస్తే నిర్లక్ష్యంగా ఉన్నట్టుంది. ఇరవై అంటే భయపడినట్టుంది. బడిలో లాగా పక్కాయన కాగితం మీదికి ఒకసారి కన్ను వేశాను, ఆయన ముందే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

బోర్డు మీద అంకెలు పడేసరికి హాలంతా నవ్వింది. ఒకే కాగితం చదివిన పన్నెండు మందిలో తక్కువ రాసిన మనిషి రెండు రాసింది, ఎక్కువ రాసిన మనిషి డెబ్భై. రెండు రాసినామె ల్యాబులో సూక్ష్మజీవులతో జీవితమంతా గడిపిన శాస్త్రవేత్త. క్రిమిని ఆయుధంగా మార్చడం సినిమాల్లో చూపినంత సులువు కాదనీ, రోగాలు తెచ్చే పని ప్రకృతి జీతం కూడా అడగకుండా రోజూ చేస్తుంటే, మరణాలు చూసిన ప్రతిసారీ మనం శత్రువు కోసం వెతకడం ఎందుకనీ ఆమె అన్నది. మా అత్త ప్రశ్న అదే. డెబ్భై రాసినాయన రిటైరైన పోలీసు అధికారి. ఆయన వేళ్ళ మీద లెక్క పెట్టాడు. చేయాలన్న కోపం ఎవరికుంది, చేసే వీలు ఎవరికుంది, ఏ నష్టమూ జరగకుండా ఎవరు మిగిలారు? ఆ కాగితంలో ఒక చిన్న సంగతి ఉంది. ఒకే ఒక్క పశువులశాల వాళ్ళు రోగం రాకముందే టీకాలు వేయించుకున్నారు, అక్కడ ఒక్కటీ చావలేదు. దాని కింద ఆయన రెండు గీతలు కొట్టాడు. నేనూ గబగబా రెండు గీతలు కొట్టాను.

చరిత్ర చెప్పే ప్రొఫెసరు ఒకాయన మరో మాట చెప్పాడు. కళ్ళకు కట్టినట్టు ఊహించుకోగలిగినదల్లా జరిగే అవకాశం ఎక్కువని మన మనసు అనుకుంటుందట. ఆ పొద్దున ఏదో దాడి వార్త చదివి వచ్చిన వాళ్ళను చేతులెత్తమన్నాడు. పెద్ద పెద్ద అంకెలు రాసిన వాళ్ళ చేతులే లేచాయి. పోలీసాయన మాత్రం చెయ్యి ఎత్తకుండా గట్టిగా నవ్వాడు.

టీ దగ్గర ఆయనే నాకొక జీవిత సత్యం బోధించాడు. డెబ్భై చెప్పి ఏమీ జరగకపోతే అందరూ హమ్మయ్య అనుకుని మరిచిపోతారట. రెండు చెప్పి నిజంగా జరిగితే మాత్రం ఆ రెండు చెప్పినదెవరని వెతుక్కుంటూ వస్తారట. అందుకని ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ తక్కువ చెప్పలేదన్నాడు. మనిషి సరదా అయినవాడు, చెప్పిందీ సబబుగానే ఉందనిపించింది.

రెండోసారి రాసినప్పుడు అంకెలన్నీ ఒకదానికొకటి దగ్గరకు జరిగాయి. పోలీసాయన కూడా ముప్పై అయిదుకు దిగాడు. సమావేశం నడిపించే ఆయన ముఖం వెలిగిపోయింది. ల్యాబు శాస్త్రవేత్త మళ్ళీ రెండే రాసింది. అందరం దగ్గరకు జరిగామంటే నిజానికి దగ్గరయ్యామని కాదు కదా, చలికి కూడా దగ్గరకు జరుగుతారు అని ఏసీ వైపు చూపించింది. నేను మళ్ళీ పదే రాశాను. అభిప్రాయంలో నిలకడ ఉందని నన్ను మెచ్చుకున్నారు. గుడ్డ సంచీ ఒకటి, నిపుణురాలినని రాసిన కాగితం ఒకటి ఇచ్చి రైలెక్కించారు. పెనుకొండ స్టేషన్లో దిగేటప్పటికి నా నడక కొంచెం మారిందని మా అత్త తర్వాత చెప్పింది.

పది రోజులకు మా ఊళ్ళో గొర్రెలు చావడం మొదలైంది.

చచ్చినవి మా చిన్నమామవి. మా మామగారికి తమ్ముడి వరస, ఆయనకు చెరువు కింద చేనూ అరవై జీవాలూ ఉన్నాయి. మొదటి పొద్దున నాలుగు పడిపోయాయి. నేను వెళ్ళేసరికి అందులో ఒకదాన్ని అప్పుడే కోసి పాళ్ళు వేసుకున్నారు. చచ్చిన గొర్రెను పారేయడానికి మా వైపు మనసొప్పదు, ఇంటికింత అని పంచుకుంటారు. వద్దని నోరు పోయేలా అరిచాను, వండినవి పారబోయించాను. మిగతావాటిని కోయకుండా లోతుగా గుంట తీయించి సున్నం చల్లి పూడ్పించాను. ల్యాబు నుంచి దొమ్మే అని వచ్చింది. ఊళ్ళో జీవాలన్నిటికీ టీకాలు వేశాను. అప్పటికి చిన్నమామవి ఏడు పోయాయి. గొర్రె కోసిన చేతి వేలికి ఆయనకు నల్లటి పుండు లేచింది. హిందూపురం ఆస్పత్రికి పంపిస్తే వారం రోజులు మందులు మింగి బాగుపడి వచ్చాడు, వస్తూ వస్తూ ఒక అనుమానం కూడా తెచ్చుకున్నాడు.

అనుమానం జీవాలామె మీద. అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ముదిగుబ్బ వైపు మనిషి. భర్త పోయాక ఎనభై గొర్రెలను ఒక్కతే మేపుకుంటూ ప్రతి ఏడూ కోతలయ్యాక మా వైపు వచ్చి, మళ్ళీ విత్తే దాకా ఉంటుంది. పంట లేని చేలల్లో రాత్రిళ్ళు మందను నిలిపితే ఆ చేనుకు ఎరువు అవుతుంది. ఎన్ని రాత్రులు నిలిపితే అంత ధాన్యం రైతు ఇస్తాడు. ఆమెకు ఇల్లూ వాకిలీ అన్నీ రైతుల పిలుపుల మీదే. ఒక చేను అయ్యేసరికి మరో చేను దొరకాలి. మే నెలలో చిన్నమామ చేలో తొమ్మిది రాత్రులు నిలిపింది. వెళ్ళేటప్పుడు గొర్రెలు చిక్కుడు పాదు కొరికాయని చిన్నమామకూ ఆమెకూ మాటా మాటా వచ్చింది.

చిన్నమామ వాదన పద్ధతిగానే ఉంది. ఆమెకు తన మీద కోపముంది. తన చేలో తొమ్మిది రాత్రులుంది. తన జీవాలు చచ్చాయి, ఆమెవి ఒక్కటీ చావలేదు. కాబట్టి చేలో మందు పెట్టిపోయింది. మందు అంటే మా వైపు విషం కావచ్చు, చేతబడి కావచ్చు, ఇప్పుడు టీవీలు వచ్చాక రోగమైనా కావచ్చు. వింటుంటే నాకు వేళ్ళ మీద లెక్కపెట్టిన పోలీసాయన గుర్తొచ్చాడు. రెండు గీతలు కొట్టుకున్న టీకాల సంగతీ గుర్తొచ్చింది. అదే నా ఖర్మ.

పంచాయతీ ఆఫీసు వరండాలో ముప్పై మంది దాకా చేరారు. జీవాలామె లోపలికి రాకుండా బోరింగు దగ్గర కర్ర ఆనించుకుని నిలబడింది. చిన్నమామ వేలికి కట్టుతోనే లేచి నన్నడిగాడు.

"అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఎవురన్నా కావాల్నని చేసినారా, ల్యాదా? ఒక మాట చెప్పు."

నేను గొంతు సవరించుకున్నాను. సభలో మాట్లాడుతున్నట్టే ఉంది నాకు. "రోగం దానంతటదే వచ్చింటాది మామా. ఎవురన్నా చేసిండే అవకాశం నూటికి పది" అన్నాను.

అని, చాలా చక్కగా చెప్పానని కూడా అనుకున్నాను. సున్నా అనలేదు, వందా అనలేదు. వెనకనుంచి ఎవరో "అయితే ఉండాది" అన్నారు. నిప్పు లేందే పొగ రాదని ఇంకొకరు. తొంభై సంగతి నేను మళ్ళీ ఎత్తేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

ఆ మర్నాటి నుంచి ఆమెను ఎవరూ చేలోకి పిలవలేదు. ముందే మాటిచ్చిన ముగ్గురు రైతులూ ఇప్పుడొద్దన్నారు. చెరువు దగ్గర తొట్టిలో మందకు నీళ్ళు పెట్టనివ్వలేదు. పక్క ఊరి వాళ్ళకూ కబురు పోయింది, డాక్టరమ్మే ఉండాదని చెప్పిందట అని. వాన పడుతున్న రోజులు. ఆమె మందను తోలుకుని ఊరి బయట వంకలో, వాగు రాళ్ళ మధ్య దిగింది.

వారం గడిచాక గొర్రెలకు గిట్టలు పుండ్లు పడ్డాయని ఫోన్ చేసింది. తడిలో నిలబెడితే పడక ఏం చేస్తాయి? మందుల పెట్టె తీసుకుని వెళ్ళాను. ఒక్కో గొర్రె కాలు ఎత్తి కడుగుతుంటే ఆమె పట్టుకుంది. ఆ పుండ్లు చూసి తట్టుకోలేక నేనే మొదలుపెట్టాను. నేను నీ పేరు చెప్పలేదనీ, పది అంటే తొంభై వంతులు కాదని అర్థమనీ, జనానికి లెక్క తెలియకపోతే నా తప్పేముందనీ, నేను చెప్పినదాంట్లో తప్పు లేదనీ గబగబా చెప్పుకొచ్చాను. ఆమె ఇంకో గొర్రెను పట్టుకొచ్చి కాలు నా చేతికిచ్చింది.

అప్పుడు అడగవలసిన ప్రశ్న అడిగాను. నీ జీవాలకు ఎందుకు రాలేదు అని.

"మీరే గదా సంక్రాంతి ముందర క్యాంపులో సూదులేసింది" అంది.

నా చేతిలోంచి గొర్రె కాలు జారిపోయింది. ఆ టీకాలు నేనే వేశాను. ఎనభై గొర్రెలకు వంగి వంగి వేసి, నడుము పట్టేసి, రెండు రోజులు పడుకున్నాను. సూది వేస్తే చూడి గొర్రెలు పిల్లల్ని పడేస్తాయని చిన్నమామ ఆ రోజు తన మందను తీసుకురాలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఎక్కడో లేని జిల్లాలో ఎవరో టీకాలు వేయించుకున్నారని రెండు గీతలు కొట్టిన మనిషిని, నా చేత్తో వేసిన సూదులు నాకే గుర్తులేవు. ఇంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

ఇక ఒక్కొక్కటే అడిగాను. చిన్నమామ చేలో ఉన్నన్నాళ్ళూ ఏమైనా చూశావా అంటే, చూశానంది. తాను వెళ్ళిపోయే ముందు రెండు రోజులు చిన్నమామ ట్రాక్టర్లతో చెరువు మట్టి తోలించి చేనుకు ఓ మూల పోయించాడట. మా వైపు ఎండాకాలం చెరువు ఎండితే అందరూ చేసే పనే అది. ఆ మట్టిలో పాత ఎముకలు కనపడ్డాయట. అందుకని తన గొర్రెలను ఆ మూలకు దిగనివ్వలేదట. ఈ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను.

"నన్నెవురడిగినారు? ఆయప్పను అడిగినారు, ల్యాబును అడిగినారు" అంది.

ఇంటికొచ్చి మా అత్తను చెరువు గురించి అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ, చేట మీదినుంచి తల ఎత్తకుండానే చెప్పింది. తాను కాపురానికొచ్చిన కొత్తలో ఒక కరువు సంవత్సరం దొమ్మ వచ్చి ఊళ్ళో జీవాలు గుంపులు గుంపులుగా చచ్చాయి. పూడ్చే ఓపిక లేక అన్నిటినీ ఎండిన చెరువులోకే ఈడ్చారు. దొమ్మ క్రిమి మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోగలదని నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. చిన్నమామ ఆ పాత చావును ట్రాక్టరుకు ఎత్తించి స్వయంగా తన చేలోకి తెచ్చుకున్నాడు, వాన పడి గడ్డి మొలిచాక గొర్రెలను తోలాడు. ఎవరూ ఎవరి మీదా ఏమీ వదల్లేదు. ఆ మట్టి కొంచెం తీసి పంపిస్తే ల్యాబు వాళ్ళు కూడా అదే చెప్పారు.

మళ్ళీ వరండా, మళ్ళీ ముప్పై మంది. ఈసారి ఎముకలూ చెరువూ టీకాలూ అన్నీ వివరంగా చెప్పి, ఎవరూ చేయలేదని గట్టిగా అన్నాను. చిన్నమామ నా మీద కోపంగా లేడు, నిజంగా అయోమయంలో ఉన్నాడు.

"మొన్న పదంటివి. ఈపొద్దు ల్యాదంటివి. ఇంగో వారానికి ఎంతంటావో మాకేం తెల్చు? అంత నమ్మకముంటే ఆమె మందను మీ చేన్లోనే నిలుపుకో."

నిలుపుకుంటానన్నాను. అన్నాక చేను ఎవరిదో గుర్తొచ్చింది.

మా అత్త కాగితాలూ బడీ తెలియని మనిషి, కానీ బెంగళూరులో ఎవరూ వేయని ప్రశ్న వేసింది. "నూటికి పదంటివి గదా. ఆ పది ఇప్పుడు యాడికి పోయె?" అంది. చెరువు మట్టి సంగతి తెలిశాక పోయిందన్నాను. అయితే తెలియకముందు అంత ఎందుకు చెప్పావంది. తలుపులు పూర్తిగా మూయకూడదని ఏదో మొదలుపెట్టాను. ఆమె చేట కింద పెట్టి నా వైపే చూస్తూ కూర్చుంది. అప్పుడు నిజం చెప్పాను. లేదని చెప్పేస్తే, రేపు ఏదైనా తేలితే అందరూ నన్నంటారని భయపడ్డాను. పది అంటే నాకు ఏ వైపునుంచీ మాట రాదనుకున్నాను. ఆ మాట నాకు రాకుండా పోయి జీవాలామె మీద పడింది.

మా అత్తకూ భయమే. మా రెండు ఆవులు ఆ చేను పక్కనే ఉంటాయి. టీకాలు వేసిన మంద నుంచి మట్టికి రోగం రాదని నేను చెబుతుంటే వింటున్నట్టే లేదు. చివరికి లేచి వసారాలో మంచం మడత విప్పి చూసి, మళ్ళీ మడిచి నా ముందు పెట్టింది.

"చేను ఇస్తా. నువ్వు పొయ్యి ఆ మందలో పండుకో. నీ మాట ఎవురూ ఇనరు. నువ్వు యాడ పండుకున్నావో చూస్తారు."

అలా అయిదు రాత్రులు జిల్లాలోనే తొలిసారిగా ఒక నిపుణురాలు గొర్రెల మధ్య మంచం వేసుకుని పడుకుంది. గొర్రెలు గురక పెడతాయని నా చదువులో ఎక్కడా చెప్పలేదు. పొద్దున్నే చెంబు పట్టుకుని పొలాలకు పోయేవాళ్ళు, పాలు తీసుకెళ్ళేవాళ్ళు, బడి పిల్లలు అందరూ గట్టు మీద ఆగి నన్నొకసారి చూసి పోయేవారు. రెండో రోజు మా ఆయనకు హిందూపురంలో ఎవరో ఫోటో చూపించారట. ఫోన్ చేసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఉద్యోగం పోయిందా అని. జీవాలామె పక్కనే గొంగడి కప్పుకుని పడుకునేది. రాగి సంగటి ముద్దలో సగం నాకు పెట్టేది, మాటలు మాత్రం అవసరమైనన్నే.

ఆ మధ్యలోనే బెంగళూరు నుంచి రెండో విడత ఫారం వచ్చింది. కొత్త ఊహా సంఘటన, కొత్త అంకెలు. అంకె రాశాను. కింద మిగిలిన చోట, ఈ అంకె ఎవరి ముందు చెబుతారో, చెప్పాక దాని బరువు ఎవరి మీద పడుతుందో రాయడానికి కూడా ఒక గడి పెట్టమని రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు, ఫారంలో అలాంటి గడికి చోటు లేదట. ల్యాబు శాస్త్రవేత్త మాత్రం విడిగా ఒక మెయిల్ పెట్టింది. తాను ప్రతిసారీ రెండు రాయడానికి కారణం ఆ బరువేనట.

ఆరో రోజు పొద్దున చిన్నమామ గట్టు దాకా వచ్చాడు. నాతో కాదు, జీవాలామెతోనే మాట్లాడాడు. వేలి కట్టు విప్పేశాడు. మట్టి పోయించిన మూలకు కంచె వేయించానని, అవతలి చేలో మందను నిలపమని అడిగాడు. ధాన్యం మామూలుకన్నా ఎక్కువే ఇస్తానన్నాడు. ఆయన అంత మెత్తగా అడగడం నేనెప్పుడూ వినలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతా సర్దుకుందనుకున్నాను.

ఆమె రానంది. గోరంట్ల వైపు ఎవరో పిలిచారని, అటు పోతున్నానని చెప్పింది. ఆయన వెళ్ళిపోయాక నేను పట్టలేక అడిగాను, పిలిచినప్పుడు పోవచ్చు కదా అని.

"నన్ను నమ్మి పిల్సల్యాదమ్మా ఆయప్ప. నీ మంచం చూసి పిల్సినాడు" అంది.

గొర్రెలను లేపి, లెక్క చూసుకుని, గొంగడి భుజాన వేసుకుంది. నేను మంచం మడుస్తూ నిలబడ్డాను. ఆమె వెళ్ళిపోతోంది, అడగవలసింది అడగలేదు. మా ఊరి మీద కోపం ఉంటే ఉండనీ, నన్ను మాత్రం క్షమించావా అని ఎట్టకేలకు అడిగాను.

ఆమె నిజంగానే ఆలోచించింది. ఎగతాళి లేదు, కోపం కూడా లేదు.

"ఆపొద్దు వంకలో నువ్వే చెప్తివి గదమ్మా, నువ్వన్న మాటలో తప్పు ల్యాదని. తప్పు ల్యాకపోతే నేను దేన్ని క్షమించల్ల?"

తప్పేనని చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా ముందున్న పొట్టేలు దారిలోకి దిగింది, దాని వెనక మంద, మంద వెనక ఆమె. నేను మంచం అక్కడే పడేసి, ఎనభై గొర్రెలను తప్పించుకుంటూ ఆమె దగ్గరికి పరిగెత్తాను.